వేడి పెరిగితే దోమలు పెరుగుతాయా, రోగాలు పెరుగుతాయా?

మూసీ_ఒడ్డు
అందరికీ నమస్కారం. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. ఒకాయన "ఇదంతా గ్లోబల్ వార్మింగ్, డెంగ్యూ రాకుండా మనం చేయగలిగిందేమీ లేదు" అంటాడు. ఇంకొకాయన "వేడి ఎక్కువైతే దోమలు చస్తాయి కదా, నడి వేసవిలో డెంగ్యూ ఎప్పుడైనా విన్నారా" అని ఎదురడుగుతాడు. ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపిస్తోంది. ఇక్కడ కీటకాల మీద పనిచేసినవాళ్లు, మన్యం ఏజెన్సీలో ఉద్యోగం చేసేవాళ్లు ఉన్నారని అడుగుతున్నా. వాతావరణ మార్పుకీ ఈ జ్వరాలకీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఎలా? ఫార్వర్డ్ మెసేజ్‌లు మాత్రం వద్దు, దండం పెడతా.

తెనాలి_టీకొట్టు
దోమలు పెరిగితే రోగాలు పెరుగుతాయి. దీనికి పీహెచ్‌డీ ఎందుకన్నా? మా వీధి మురికి కాలవ ఒకసారి వచ్చి చూడు, డెంగ్యూ ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది.

దోమల_టీచరమ్మ
టీకొట్టు గారూ, మీ కాలవలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. రాత్రంతా నిద్ర పట్టనివ్వదు, బోదకాలు అంటిస్తుంది. డెంగ్యూ మాత్రం దాని పని కాదు. డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమ మీ డాబా మీద డ్రమ్ములో, కూలర్ అడుగున, మనీప్లాంట్ సీసాలో, అంటే ఇంటి మంచినీళ్లలోనే పెరుగుతుంది. పగటిపూట కుడుతుంది. ఈ తేడా తెలియక జనం కాలవ మీద మందు కొట్టించి, ఇంట్లో డ్రమ్ము అలాగే వదిలేస్తారు.

ఇక అసలు ప్రశ్న. దోమల సంఖ్య ఒక్కటే చూస్తే విషయం అర్థం కాదు. మలేరియా తీసుకోండి. దోమ ముందు మలేరియా ఉన్న మనిషిని కుట్టాలి. ఆ క్రిమి దోమ కడుపులో కొన్ని దశలు పెరిగి, దాని లాలాజల గ్రంథులకు చేరాలి. అప్పుడుగానీ ఆ దోమ ఇంకొకరికి అంటించలేదు. బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మైక్రోస్కోపు కింద చూసింది ఇందులో ఒక దశనే.

దోమకి సొంత ఒంటివేడి లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ దాదాపు అంతే. కాబట్టి క్రిమి ఎన్ని రోజుల్లో తయారవుతుందనేది గాలి వేడే తేలుస్తుంది. ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 28 రోజులు పడుతుంది. 25 డిగ్రీల దగ్గర 12 రోజులు, 30 దగ్గర 8 రోజులు చాలు. ఆడదోమ బయట బతికేది మహా అయితే రెండు మూడు వారాలు. అంటే ఇది దోమ చావుకీ క్రిమి ఎదుగుదలకీ మధ్య పరుగు పందెం. 20 డిగ్రీల చోట ఎక్కువసార్లు చావే గెలుస్తుంది. అక్కడ రెండు మూడు డిగ్రీలు పెరిగితే క్రిమి గెలవడం మొదలవుతుంది. ఒక్క దోమ కూడా అదనంగా పుట్టకుండానే రోగం పెరగవచ్చన్న మాట.

మూసీ_ఒడ్డు
మేడం, ఇది నాకు కొత్త. మరి డెంగ్యూకీ ఇదే లెక్కా? వేడికి దోమలు చస్తాయనే ఆయన మాటేమిటి?

దోమల_టీచరమ్మ
డెంగ్యూ వైరస్‌కీ ఇదే సూత్రం. ఈడిస్ దోమలో అది 25 డిగ్రీల దగ్గర సగటున 15 రోజుల్లో సిద్ధమైతే, 30 దగ్గర వారం లోపే సిద్ధమవుతుంది.

మీ రెండో ఆయన మాటలోనూ నిజం ఉంది. వేడి పెరిగినకొద్దీ రోగం పెరుగుతూనే పోదు. మలేరియా వ్యాప్తికి అన్నిటికన్నా అనువైనది సుమారు 25 డిగ్రీలు, ఈడిస్ దోమ తెచ్చే డెంగ్యూకి సుమారు 29. అది దాటాక తగ్గుతూ వస్తుంది. 34, 35 దాటితే దోమ ఆయుష్షు పడిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. 42 డిగ్రీల రామగుండం ఎండలో దోమకీ కష్టమే. కానీ ఆ 42 బయట వరండాలో. కూలర్ తిరిగే చీకటి గదిలో, మంచం కింద, బట్టల వెనక అంత వేడి ఉండదు. ఈడిస్ దాక్కునేది అక్కడే.

పాడేరు_ఎంపీహెచ్ఏ
టీచరమ్మ గారు చెప్పిన 20 డిగ్రీల లెక్క మా ఏజెన్సీకి సరిగ్గా సరిపోతుంది. మైదానంలో ఉన్నవాళ్లకి ఇది అర్థం కాదు. పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు చలికాలం రాత్రులు ఎలా ఉంటాయో టూరిస్టులకి కూడా తెలుసు. మా దగ్గర మలేరియా దోమ గెడ్డల్లో, పారే నీళ్ల అంచుల్లో, ఊటల్లో పెరుగుతుంది. ఫ్లూవియాటిలిస్ అంటారు. దానికి మురికి అక్కర్లేదు, శుభ్రమైన నీళ్లే కావాలి. నీళ్లు ఏడాదంతా ఉంటాయి. చలి ఒక్కటే దానికి అడ్డు.

అయితే ఒక మాట చెప్పాలి. మన్యంలో మలేరియా బాగా తగ్గింది. మందు పూసిన దోమతెరలు ఇంటింటికీ ఇచ్చారు, రెండు విడతల స్ప్రేయింగ్ ఉంది, ఆశా కార్యకర్త చేతిలో ర్యాపిడ్ కిట్ ఉంది. జ్వరం వచ్చిన రోజే రక్తం చూసి మాత్రలు మొదలుపెడుతున్నారు. ఒకప్పుడు స్లయిడు కొండ దిగి, చూసి, రిపోర్టు మళ్లీ కొండ ఎక్కేసరికి మనిషి పరిస్థితి చేయి దాటేది.

లెక్కల_మాస్టారు_గుంటూరు
నేను అడగబోయింది పాడేరు తమ్ముడే చెప్పాడు. దేశంలో మలేరియా కేసులు 2015లో సుమారు 11.7 లక్షలు, 2023లో 2.27 లక్షలు. ఆ ఎనిమిదేళ్లలో దేశం చల్లబడిందా? లేదు. వేడి పెరిగింది, మలేరియా అయిదో వంతుకి పడిపోయింది. మరి వాతావరణమే కారణమనే సిద్ధాంతం ఏమైనట్టు?

ఇంకా చెప్తాను. ఇంగ్లండులో కెంట్, ఎసెక్స్ చిత్తడి నేలల్లో 19వ శతాబ్దం దాకా మలేరియా ఉండేది. ఐరోపా ఇప్పటికన్నా చల్లగా ఉన్న రోజులవి. 1920ల్లో రష్యాలో ఆర్కిటిక్ దగ్గరున్న ఆర్ఖంగెల్స్క్ దాకా పాకింది. యుద్ధం, ఆకలి, జనం వలసలు దానికి కారణం. చిత్తడి నేలలు సాగులోకి వచ్చాక, ఇళ్లు బాగుపడ్డాక, క్వినైన్ అందాక అదే పోయింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ అమెరికా, మెక్సికో సరిహద్దుది. లారెడో, న్యూవో లారెడో అని నదికి అటొకటి ఇటొకటి జంట ఊళ్లు. ఒకే ఎండ, ఒకే వాన. 1999లో అక్కడ సర్వే చేశారు. ఈడిస్ దోమలు అమెరికా వైపే ఎక్కువ. కానీ కొత్తగా డెంగ్యూ సోకినవాళ్లు మెక్సికో వైపు 16 శాతం, అమెరికా వైపు 1.3 శాతం. తేడా అంతా ఏసీలు, కిటికీ జాలీలు, ఇళ్ల మధ్య దూరం. వాతావరణం పేరు చెబితే మున్సిపాలిటీకి హాయి. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

తెనాలి_టీకొట్టు
మాస్టారూ, ఆ ఆఖరి ముక్క మా వార్డులో మైకులో చదివించాలి.

దోమల_టీచరమ్మ
మాస్టారు చెప్పిన వాస్తవాలన్నీ నిజాలే, ఒక్కటీ కాదనను. కానీ వాటి నుంచి వాతావరణానికి పాత్ర లేదనే నిర్ణయానికి రాలేం. దోమతెరలు, మందులు కిందికి లాగుతున్నాయి, వేడి పైకి తోస్తోంది. ఇప్పటిదాకా లాగేవాళ్ల బలం ఎక్కువగా ఉంది. దోమతెరలు చిరిగి, మందుకు దోమ అలవాటు పడి, నిధులు ఆగిన రోజున ఏమవుతుందనేది అసలు ప్రశ్న.

వాతావరణం ప్రభావాన్ని విడిగా చూడాలంటే రోగం ఇదివరకు చేరని ఎత్తుల్లో చూడాలి. ఇథియోపియా, కొలంబియా కొండ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి మలేరియా రికార్డులు తీసి చూశారు, 2014లో ప్రచురించారు. వేడి ఎక్కువున్న ఏడాది మలేరియా కొండ పైకి జరిగింది, చల్లటి ఏడాది కిందికి దిగింది. అక్కడి మున్సిపాలిటీ ఒక ఏడాది మంచిదీ మరుసటి ఏడాది చెడ్డదీ అయిపోలేదు కదా.

నేపాల్ చూడండి. అక్కడ డెంగ్యూ మొదటి కేసు 2004లో నమోదైంది. 2022లో 54 వేలకు పైగా కేసులు, 88 మరణాలు. సుమారు 1,400 మీటర్ల ఎత్తున్న ఖాట్మండూ లోయలో ఆసుపత్రులు నిండిపోయాయి. రోడ్లు, లారీల్లో పాత టైర్లు, ఊరు పెరగడం, నీళ్ల కరువు, అన్నీ ఉన్నాయి అందులో. కానీ ఆ ఎత్తులో దోమ చలికాలం గట్టెక్కకపోతే ఇవేవీ పనిచేయవు.

కరువుసీమ_అనంత
నేను మాట్లాడొచ్చా? అందరూ వేడి గురించే చెప్తాన్నారు. మాది అనంతపురం జిల్లా. మాకు వానే లేదు, మరి 2006లో చికున్‌గున్యా మా వైపు ఊళ్లకు ఊళ్లనే ఎట్ల పడగొట్టింది? కీళ్లు పట్టేసి మనుషులు గోడ పట్టుకోని నడిచినారు. మా అత్తకు చేతివేళ్లు ముడుచుకోవడానికి నెలలు పట్టింది. కూలి పోయింది, వేరుశనగ కలుపు తీసేవాళ్లే లేరు. వాన లేని చోట దోమ యాడిది?

దోమల_టీచరమ్మ
అనంత గారూ, అడగాల్సిన ప్రశ్న ఇదే. దేశంలో ముప్పై ఏళ్లకు పైగా కనిపించని చికున్‌గున్యా 2005 చివర్లో మళ్లీ మొదలైంది మన రాష్ట్రంలోనే. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి.

మీ ఊళ్లో కుళాయి ఎన్ని రోజులకోసారి వచ్చేది?

కరువుసీమ_అనంత
అప్పట్లో వారానికోసారి వస్తే గొప్ప. గాబు, డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పాత వంట గిన్నెలు కూడా నింపి పెట్టుకునేవాళ్లం. పారబోయమంటే ఎవరు పారబోస్తారు? ఆ నీళ్ల కోసం కొట్లాడుకున్నోళ్లం.

దోమల_టీచరమ్మ
సమాధానం మీరే చెప్పేశారు. చికున్‌గున్యా తెచ్చేదీ ఈడిస్ దోమే. దానికి వాన అక్కర్లేదు, నిలవ నీళ్లు చాలు. వాన కురవనప్పుడే మనం ఇంట్లో నీళ్లు ఎక్కువ దాస్తాం. అది గుడ్లు నీళ్లలో కాకుండా నీటి మట్టానికి కాస్త పైన, గాబు గోడ తడి మీద పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గాబు గోడలు పీచుతో గట్టిగా రుద్దాలి.

కరేబియన్ దీవి బార్బడోస్‌లో వాన లెక్కలు, డెంగ్యూ లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కరువు తరవాత అయిదు నెలల దాకా ముప్పు పెరిగి ఉంది. అతివృష్టి తరవాత ఒకటి రెండు నెలల్లో పెరిగింది. అంటే కరువూ కారణమే, వరదా కారణమే. వాతావరణ మార్పు మనకు ఇచ్చేది ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి.

వాన_లెక్కలు
నేను వర్షపాతం డేటా సరదాకి చూస్తుంటాను కాబట్టి ఒక ముక్క కలుపుతా. వాన మొత్తం ఎంత పడిందన్నది కాదు, ఎలా పడిందన్నది ముఖ్యం. పుణె డెంగ్యూ మరణాల మీద అక్కడి ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు చేసిన పని 2025 జనవరిలో వచ్చింది. వానాకాలంలో సగటు వేడి 27 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 60 నుంచి 78 శాతం మధ్య ఉండి, వాన ఓ మోస్తరుగా విడవకుండా పడితే డెంగ్యూ పెరిగింది. వారంలో 150 మిల్లీమీటర్లు దాటి కుమ్మేస్తే తగ్గింది, ఎందుకంటే గుడ్లూ పిల్లలూ కొట్టుకుపోతాయి. ఈ లెక్కలతో రెండు నెలల ముందే హెచ్చరిక ఇవ్వొచ్చంటున్నారు. కర్బన ఉద్గారాలు ఇలాగే సాగితే 2050 నాటికి పుణెలో డెంగ్యూ మరణాలు 23 నుంచి 40 శాతం దాకా పెరగొచ్చని వాళ్ల అంచనా.

కొట్టుకుపోతాయి కదా అని సంబరపడకండి. నీరు తీసిన తరవాత మిగిలే గుంటల సంగతి పాకిస్తాన్‌ని అడగండి. అక్కడ 2022 వరదల ముందు ఏడాది మలేరియా కేసులు సుమారు 5 లక్షలు. వరదల ఏడాది 26 లక్షలు. సింధ్‌లో నీళ్లు నెలల తరబడి కదల్లేదు, జనం గుడారాల్లో, మందులు తడిసిపోయి, ఆసుపత్రులు మునిగి.

లెక్కల_మాస్టారు_గుంటూరు
అక్కడ కూడా చూడండి, దోమతెర లేని గుడారం, మునిగిన ఆసుపత్రి. నేను చెప్పేదీ అదే.

వాన_లెక్కలు
ఆసుపత్రిని ముంచింది ఏంటి మాస్టారూ?

చౌటుప్పల్_పశువైద్యం
మనుషుల డాక్టర్లు, టీచర్లు ఇంతసేపు వాదించుకున్నారు కాబట్టి మా గొర్రెల నుంచి ఒక సాక్ష్యం. కీటకం ద్వారా వచ్చే రోగం వాతావరణం వల్ల కొత్త చోటికి వెళ్లిందనడానికి నాకు తెలిసినంతలో గట్టి ఉదాహరణ మలేరియా కాదు, డెంగ్యూ కాదు, నీలినాలుక. గొర్రెల పెంపకందార్లకి చెప్పక్కర్లేదు. మూతి వాపు, నోట్లో పుండ్లు, ముక్కు కారడం, కుంటడం, మేత ముట్టకపోవడం. మనుషులకు రాదు. నుసుముల్లాంటి బుల్లి కీటకాలు అంటిస్తాయి, పేరు క్యూలికాయిడిస్. మన దగ్గర వానలు బాగా పడిన ఏడాది దీని దెబ్బ ఎక్కువ.

ఇది వేడి దేశాల రోగమని అందరూ అనుకునేవాళ్లు. 1998 నుంచి దక్షిణ ఐరోపాలో మళ్లీ మళ్లీ రావడం మొదలుపెట్టింది. ఆఫ్రికా రకం కీటకం మధ్యధరా తీరం వెంట ఉత్తరానికి జరిగిందన్నారు. సరే. కానీ 2006 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీల్లో బయటపడింది. ఆఫ్రికా కీటకం అక్కడ లేనే లేదు! ఆ ఊరి కీటకాలే అంటించాయి. ఆ జులైలో అక్కడ రికార్డు ఎండలు. ఎప్పుడూ చలికి పూర్తికాని వైరస్ ఎదుగుదల ఆ వేసవిలో పూర్తయింది. టీచరమ్మ గారు చెప్పిన పందెమే ఇది. మరుసటి ఏడాది ఇంగ్లండు చేరింది.

మాస్టారు గారూ, ఐరోపా గొర్రెలకు ఏసీలు, జాలీలు ఎప్పుడూ లేవు. అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మారిందేమిటో మీరే చెప్పండి.

లెక్కల_మాస్టారు_గుంటూరు
గొర్రెల ఉదాహరణ బాగుంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. పశువుల రవాణా ఏమైనా ఉందేమో చూసి వస్తా.

చౌటుప్పల్_పశువైద్యం
వైరస్ అక్కడికి చేరడానికి రవాణా కారణం కావచ్చు మాస్టారూ. చేరిన వైరస్ ఆరిపోకుండా అంటుకోవడానికి వేడి కావాలి. రెండూ వేరు వేరు విషయాలు.

డల్లాస్_బావ
ఆ మాటకే నాదో ఉదాహరణ, మన దేశం నుంచి వెళ్లిందే. 2007లో ఇటలీలో కాస్తిగ్లియోనె ది చెర్వియా అనే చిన్న ఊరు, రావెన్నా దగ్గర. కేరళ వెళ్లొచ్చిన ఒక మనిషి రక్తంలో చికున్‌గున్యా మోసుకొచ్చాడు. చుట్టుపక్కల రెండొందల మందికి పైగా సోకింది. అంతకు పాతికేళ్ల ముందు అదే మనిషి వచ్చి ఉంటే తనకొచ్చిన జ్వరం తనతోనే పోయేది. కానీ పాత టైర్లలో 1990 నాటికే ఇటలీ చేరిన టైగర్ దోమ (ఇదీ ఈడిస్ జాతిదే) అప్పటికి అక్కడ స్థిరపడిపోయింది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఏటా స్థానికంగా డెంగ్యూ కనిపిస్తోంది. 2022 ఒక్క ఏడాదే 65 కేసులు, ఎవరూ విదేశాలకు వెళ్లినవాళ్లు కాదు. 2025లో చికున్‌గున్యా అక్కడే వందల్లో వచ్చింది.

మా డల్లాస్‌లో మనవాళ్లు ఇక్కడ దోమలెక్కడివని పెరట్లో కూర్చుంటారు. ఇక్కడ వెస్ట్ నైల్ వైరస్ ఉంది. 2012లో అమెరికాలో 286 మంది చనిపోయారు, టెక్సాస్‌లోనే ఎక్కువ. డల్లాస్ కౌంటీలో 1966 తరవాత మళ్లీ అప్పుడే విమానాలతో మందు చల్లారు. ముందు చలికాలం వెచ్చగా గడిచిన ఏడాదే ఇక్కడ వెస్ట్ నైల్ విజృంభిస్తుందని లెక్క తేలింది. అంటించేది ఎవరో తెలుసా? తెనాలి అన్న కాలవలో ఉండే ఆ క్యూలెక్సే.

తెనాలి_టీకొట్టు
మావాళ్లు ఎక్కడికెళ్లినా పేరు తెస్తారు.

వరంగల్_పాతబస్టాండ్
అందరూ దోమ దగ్గరే ఆగిపోయారు. 2003 వేసవి వానల మధ్య మా వైపు పిల్లలకి వచ్చిన మెదడువాపు ఎవరికైనా గుర్తుందా? పొద్దున జ్వరం, సాయంత్రానికి ఫిట్స్, తెల్లారేలోపు పోయేవాళ్లు. మొదట జపనీస్ మెదడువాపు అన్నారు, తరవాత చండీపురా వైరస్ అని తేల్చారు. ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు వస్తే 183 మంది చనిపోయారు. అది ఇసుక ఈగ తెచ్చింది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉంటుంది. దోమతెర కన్నాల్లోంచి దూరిపోయేంత చిన్నది. 2024లో గుజరాత్‌లో మళ్లీ కనబడింది. దీనికీ వేడికీ సంబంధం ఉందా మేడం?

దోమల_టీచరమ్మ
గుర్తుంది. మర్చిపోలేం.

ఇసుక ఈగ తేమకీ వేడికీ చాలా సున్నితమైన కీటకం. తొలకరి ముందూ వెనకా దాని సంఖ్య పెరుగుతుంది, చండీపురా వచ్చేదీ ఆ రోజుల్లోనే. కానీ ఫలానా ఏడాది విజృంభణకి వాతావరణ మార్పే కారణమని నేను రాసివ్వను. డెంగ్యూకి, నీలినాలుకకి ఉన్నంత బలమైన ఆధారం దీనికి కనిపించదు. అన్నిటినీ ఒకే గంపలో వేస్తే మాస్టారి లాంటివాళ్లు అడిగే ప్రశ్నలకు మనం నిలబడలేం.

నిద్రపట్టని_నర్సు
స్క్రబ్ టైఫస్ కూడా ఈ లిస్టులో వేయండి. ఈ మధ్య టీవీలో "కొత్త పురుగు, కొత్త వైరస్" అని భయపెట్టేశారు. వైరస్ కాదది, బ్యాక్టీరియా. పురుగు కూడా కీటకం కాదు, సాలీడు వైపు చుట్టం. పొదల్లో, గడ్డిలో ఉంటుంది, దాని పిల్లపురుగు కుడుతుంది. కుట్టిన చోట సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. చంకల్లో, నడుం కింద, మడతల్లో ఉంటుంది కాబట్టి బట్టలు పక్కకి తీసి వెతకాలి. డాక్సీసైక్లిన్‌తో తొందరగా తగ్గుతుంది, ఆలస్యమైతేనే ప్రమాదం. విషజ్వరం అని ఒక్క మాటలో పేపర్లో రాసేస్తారు కానీ లోపల ఇన్ని రకాలున్నాయి.

ఇంకోటి. ఏ జ్వరమో తేలేదాకా ఒళ్లు నొప్పులకని బ్రూఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

హెర్బల్_హోమ్
బొప్పాయి ఆకు రసం రోజుకు మూడు పూటలా తాగితే ఏ డెంగ్యూ అయినా రెండు రోజుల్లో మాయం. వాతావరణం గీతావరణం అనవసరం. కావాల్సినవారు మెసేజ్ పెట్టండి.

మోడరేటర్
హెర్బల్ హోమ్ గారికి ఇది రెండో హెచ్చరిక. ఈ వేదికలో మందుల అమ్మకం కుదరదు. జ్వరం తగ్గిన తరవాతి ఒకటి రెండు రోజులే డెంగ్యూలో అసలు ప్రమాదకరమైన సమయం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే ఆకు రసం కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. చర్చ కొనసాగించండి.

మూసీ_ఒడ్డు
ఇంత వస్తుందనుకోలేదు. ఇక చేయాల్సిన పని అడుగుతా. మా దగ్గర డెంగ్యూ వచ్చిందని తెలియగానే పొగ బండి వస్తుంది, ఫొటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. దానివల్ల లాభముందా?

దోమల_టీచరమ్మ
కేసు వచ్చిన ఇంటి చుట్టూ, ఇళ్ల లోపల కూడా సరిగ్గా చేస్తే ఎగిరే దోమలు కొన్ని రోజులు తగ్గుతాయి. రోడ్డు మీద బండి తిప్పితే మంచం కింద ఉన్న ఈడిస్‌కి ఏమీ కాదు. గాబులో పిల్లలు అలాగే ఉంటాయి, వారంలో మళ్లీ ఎగురుతాయి.

మన ప్రభుత్వాలు శుక్రవారం డ్రై డే అన్నది ఊరికే కాదు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి ఖాళీ చేసి రుద్దితే ఆ చక్రం తెగుతుంది. వేడి పెరిగితే ఆ రోజులూ తగ్గుతాయి కాబట్టి ఒక్క వారం తప్పినా కష్టమే.

పెద్ద ఎత్తున చేసే పద్ధతుల్లో నాకు ఆశ ఉన్నది ఊల్బాకియా మీద. ఈడిస్ దోమలోకి ఈ బ్యాక్టీరియా ఎక్కిస్తే దాని ఒంట్లో డెంగ్యూ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో ఇలాంటి దోమల్ని వదిలిన ప్రాంతాల్లో డెంగ్యూ 77 శాతం తగ్గింది. మన పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ కేంద్రం స్థానిక ఈడిస్‌తో ఇలాంటి రకాలు తయారుచేసి పెట్టింది. వీధుల్లోకి ఇంకా రాలేదు.

పాడేరు_ఎంపీహెచ్ఏ
మాకు కావాల్సింది తేదీల మార్పు. స్ప్రేయింగ్, దోమతెరలకి మందు, జ్వరాల సర్వే, అన్నీ పాత రోజుల సీజన్ చూసి వేసిన క్యాలెండర్. వానలు ముందొచ్చినా, వెనక్కి జరిగినా, చలి ఆలస్యమైనా తేదీలు మారవు. మందు ప్రభావం గోడ మీద కొన్ని నెలలే ఉంటుంది. కొట్టాల్సిన దానికన్నా ముందే కొట్టేస్తే దోమ వచ్చేసరికి గోడ ఖాళీ. వాన_లెక్కలు అన్న చెప్పినట్టు రెండు నెలల ముందు హెచ్చరిక వస్తే, పీహెచ్‌సీలో కూర్చున్న మాకు అంతకన్నా ఏం కావాలి.

లెక్కల_మాస్టారు_గుంటూరు
ఇది నేను ఒప్పుకునే మాట. వాతావరణాన్ని సాకుగా కాకుండా తేదీ వేసుకోవడానికి వాడితే నాకు పేచీ లేదు. నీలినాలుక గురించి చదివాను. పశువైద్యం గారు చెప్పినట్టే ఉంది, కానీ ఆ వైరస్ నెదర్లాండ్స్‌లోకి ఎలా వచ్చిందన్నది మాత్రం ఇప్పటికీ తేల్చలేదట.

చౌటుప్పల్_పశువైద్యం
అవును, తేలలేదు. కానీ 2023లో ఇంకో రకం అక్కడే మళ్లీ బయటపడింది. రెండోసారి కూడా దారి దొరికింది, వేడీ దొరికింది.

మన గొర్రెల పెంపకందార్లు ఎవరైనా ఇది చదువుతుంటే: నీలినాలుక టీకా వానలు ముదరక ముందే వేయించండి. మూతులు వాచాక వస్తే నేను చేయగలిగింది తక్కువ.

కరువుసీమ_అనంత
గాబు వారంవారం ఖాళీ చేయమంటే ఇప్పటికీ మా ఊళ్లో కుదరదు మేడం. నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి, ఎప్పుడు ఆగిపోతాయో తెలీదు. వేరే దారి చెప్పండి.

దోమల_టీచరమ్మ
ఖాళీ చేయొద్దు. పాత నూలు చీర రెండు మడతలు వేసి గాబు మీద పరిచి, అంచులు తాడుతో బిగించి కట్టండి. సందు ఉండకూడదు, గుడ్డ నీళ్లలోకి వేలాడకూడదు. పెద్ద తొట్టి అయితే గంబూసియా చేపలు పది వేయండి, మలేరియా ఆఫీసులో అడిగితే ఇస్తారు. వాడుకునే నీళ్లయితే ఏఎన్‌ఎం దగ్గర టెమిఫాస్ మందు ఉంటుంది, ఎంత వేయాలో ఆమే కొలిచి వేస్తుంది. నీళ్లు అడుగుకు చేరిన రోజు మాత్రం గోడలు రుద్దకుండా మళ్లీ నింపొద్దు.

కరువుసీమ_అనంత
చీర అయితే ఇప్పుడే కడతా. చేపల సంగతి రేపు ఏఎన్‌ఎం అక్కను అడుగుతా.